పెరిగే పొట్ట – తరిగే ఆయుష్షు

మన తెలుగు ఇళ్ళలో నలభై ఏళ్ళు దాటిన గృహస్థునికి కాస్త పొట్ట వస్తే దానిని ఎవరూ జబ్బుగా చూడరు. "ఒళ్ళు చేశాడు" అంటారు. "ఇల్లాలి వంట ఒంటబట్టింది" అంటారు. చొక్కా బొత్తాలు పట్టకపోతే దర్జీని తప్పుపడతారు. మొలత్రాడు బిగిస్తే ముడి విప్పి వదులు చేసుకుంటారు. స్త్రీల విషయంలో ఆ మాత్రం గమనింపు కూడా ఉండదు. చీరకట్టు ఎంత పొట్టనైనా దాచిపెడుతుంది. బొజ్జ విఘ్నేశ్వరునికి శోభ. మానవ శరీరానికి మాత్రం అది రాబోయే హృద్రోగానికి ముందుగా అందే వార్త.

ఈ వ్యాసంలో పాఠకులకు నేను మనవి చేయదలచినది ఒక్కటే. తూకపు యంత్రం చూపే బరువు కన్నా నడుము చుట్టుకొలత మన గుండె భవిష్యత్తును ఎక్కువగా చెబుతుంది. ఆ కొలత తెలుసుకోవడానికి ఒక టేపు చాలు. దానిని తగ్గించుకోవడానికి కావలసిన సామగ్రి చాలావరకు మన వంటింట్లోనే ఉన్నది.

అయిదు గుర్తుల కూటమి

ఆధునిక వైద్యులు "మెటబాలిక్ సిండ్రోమ్" అని పిలిచేది ఒకే చోట పుట్టి ఒకే చోట పెరిగే వ్యాధి కాదు. అది కొన్ని లక్షణాల కూటమి. 1988లో అమెరికా వైద్యుడు గెరాల్డ్ రీవెన్ ఈ లక్షణాలు ఒకే మనిషిలో గుంపుగా కనిపిస్తాయని వివరించి, దానికి "సిండ్రోమ్ ఎక్స్" అని పేరు పెట్టారు. శరీర ధాతువులు ఇన్సులిన్ మాటను సరిగా వినకపోవడమే దీనికి మూలమని ఆయన సిద్ధాంతం. ఆయన జాబితాలో పొట్ట లేదు. తరువాతి కాలపు వైద్యులు దానిని చేర్చారు.

నేడు ఈ కూటమిలో లెక్కించే గుర్తులు అయిదు. ఒకటి: నడుము చుట్టుకొలత మనవంటి దక్షిణాసియా పురుషులలో 90 సెంటీమీటర్లు, స్త్రీలలో 80 సెంటీమీటర్లు లేదా అంతకు మించి ఉండటం. రెండు: రక్తంలో ట్రైగ్లిజరైడ్లు 150 మిల్లీగ్రాములు, ఆ పైన ఉండటం. మూడు: మంచి కొలెస్టరాల్ అని చెప్పుకునే హెచ్.డి.ఎల్. పురుషులలో 40కి, స్త్రీలలో 50కి తక్కువగా ఉండటం. నాలుగు: రక్తపోటు 130/85 లేదా ఆ పైన ఉండటం. అయిదు: పరగడుపున రక్తంలో చక్కెర 100 లేదా ఆ పైన ఉండటం. వీటిలో ఏ మూడు ఉన్నా మెటబాలిక్ సిండ్రోమ్ ఉన్నట్లే. రక్తపోటుకో చక్కెరకో మందు వాడుతూ అంకె అదుపులో ఉన్నవారికి కూడా ఆ గుర్తు ఉన్నట్లే లెక్క.

ఇందులోని మాయ ఏమంటే, విడివిడిగా చూస్తే ఏ అంకె కూడా భయపెట్టదు. రక్తపోటు 134/86, చక్కెర 106, ట్రైగ్లిజరైడ్లు 170 అని నివేదిక వస్తుంది. "అన్నీ బార్డరులోనే ఉన్నాయి" అని తృప్తిపడి ఆ కాగితాన్ని బీరువాలో పెట్టేస్తారు. బార్డరులో ఉన్నవి మూడు కలిస్తే ఆ మనిషి బార్డరులో లేడు. దానిని దాటి లోపలికి వచ్చేశాడు.

ఫిన్లాండు దేశంలోని కువోపియో ప్రాంతంలో 42 నుండి 60 ఏళ్ళ మధ్య వయస్సు గల 1,209 మంది పురుషులను ఏళ్ళ తరబడి గమనించి, ఆ ఫలితాలను 2002లో ప్రచురించారు. పరిశీలన ఆరంభంలో వారికి గుండెజబ్బు గాని, మధుమేహం గాని, కాన్సరు గాని లేవు. అందరూ తిరుగుతూ పనిచేసుకుంటున్నవారే. సుమారు పదకొండేళ్ళ తరువాత లెక్క చూస్తే, ఈ లక్షణ కూటమి ఉన్నవారు గుండె రక్తనాళాల వ్యాధితో మరణించే అవకాశం లేనివారి కంటే దాదాపు మూడు నుండి నాలుగు రెట్లు అధికమని తేలింది.

సన్నని కాళ్ళు, ముందుకు వచ్చిన పొట్ట

"నేను లావు కాదు కదా, నాకెందుకు భయం?" అనేవారు చాలామంది. కొన్నేళ్ళ క్రితం ఒక కళాశాల అధ్యాపకుడు మోకాలి నొప్పికి తైలం కోసం నా వద్దకు వచ్చారు. వయస్సు నలభై ఎనిమిది, బరువు 66 కిలోలు. చేతులు, కాళ్ళు సన్నగా ఉన్నాయి. చొక్కా తీయించి చూస్తే పొట్ట మాత్రం నిండు కుండలా ఉన్నది. కొలిస్తే 96 సెంటీమీటర్లు. మోకాలి సంగతి తరువాత చూద్దామని చెప్పి రక్తపరీక్షలకు పంపాను. అయిదు గుర్తులలో నాలుగు ఉన్నాయి. నివేదిక చూసి ఆయన కాసేపు మాట్లాడలేదు. తరువాత "మా అన్నయ్య కూడా నాలాగే ఉండేవాడండీ. యాభై రెండో ఏట గుండెపోటుతో పోయాడు" అన్నారు.

ఈ శరీర తత్వం మన దేశంలో చాలా సాధారణం. పూణేకు చెందిన డాక్టరు యాజ్ఞిక్, లండనుకు చెందిన డాక్టరు యడ్కిన్ 2004లో తమనే ఉదాహరణగా చూపారు. ఇద్దరి ఎత్తు, బరువుల నిష్పత్తి సరిగ్గా ఒక్కటే, 22.3. అయినా పరీక్షిస్తే ఆంగ్లేయుని దేహంలో కొవ్వు 9.1 శాతం, భారతీయుని దేహంలో 21.2 శాతం. తూకంలో తేడా లేదు, లోపలి సరుకులో ఉన్నది.

పొట్ట చుట్టూ చేరే కొవ్వు వేరు, తుంటి మీద, తొడల మీద చేరే కొవ్వు వేరు అని ఫ్రాన్సు దేశపు వైద్యుడు జాన్ వాగ్ 1947లోనే గుర్తించారు. 52 దేశాలలో జరిగి 2004లో వెలువడిన "ఇంటర్‌హార్ట్" పరిశీలన కూడా గుండెపోటును ముందుగా సూచించడంలో మొత్తం బరువు కన్నా నడుము, తుంటి కొలతల నిష్పత్తే మేలని చెప్పింది. ఆ పరిశీలనలోనే మరొక విషయం బయటపడింది. మొదటి గుండెపోటు ఇతర దేశాలవారికి సగటున 59వ ఏట వస్తుంటే, దక్షిణాసియా వాసులకు 53వ ఏటనే వస్తున్నది. ఆ ఆరేళ్ళలో ఒక కూతురి పెళ్ళి, ఒక కొడుకు చదువు, తీర్చవలసిన ఇంటి అప్పు ఉంటాయి.

భారత వైద్య పరిశోధన మండలి దేశమంతటా ఒక లక్షకు పైగా జనాన్ని పరీక్షించి 2023లో ప్రకటించిన లెక్కల ప్రకారం, పెద్దలలో 39.5 శాతం మందికి ఉదర స్థౌల్యం ఉన్నది. అంటే పదిమంది పెద్దలు బంతిలో కూర్చుంటే నలుగురికి ఈ సమస్య ఉన్నట్లు.

లోపల జరిగేదేమిటి?

చర్మం కింద చేతికి దొరికే మెత్తని కొవ్వు కన్నా, పేగుల చుట్టూ, కాలేయం చుట్టూ లోతుగా పేరుకునే కొవ్వు అపాయకరం. అక్కడి నుండి కొవ్వు ఆమ్లాలు రక్తనాళం ద్వారా నేరుగా కాలేయానికి చేరతాయి. కాలేయానికి కొవ్వు పడుతుంది. అది ట్రైగ్లిజరైడ్లను అధికంగా తయారు చేసి రక్తంలోకి పంపుతుంది. మంచి కొలెస్టరాల్ తగ్గుతుంది. ఇన్సులిన్ ఉన్నా పనిచేయదు గనుక చక్కెర పెరుగుతుంది. రక్తపోటు కూడా హెచ్చుతుంది. ధమనుల లోపలి గోడలు దెబ్బతిని, వాటిలో కొవ్వు పూత పేరుకుంటుంది. ఒకనాడు ఆ పూత పగిలి, అక్కడ రక్తం గడ్డకట్టి, గుండె కండరానికి రక్తం అందకుండా పోతుంది. ఇన్నేళ్ళు జరిగిన పనికి బయట కనిపించిన గుర్తు పొట్ట ఒక్కటే.

చరకుడు చూసిన స్థూలుడు

నా గురుకుల వాసంలో చరక సంహిత సూత్రస్థానంలోని ఇరవై ఒకటవ అధ్యాయాన్ని గురువుగారు మాచేత పలుమార్లు వల్లె వేయించారు. అతిస్థూలునికి కలిగే ఎనిమిది దోషాలను ఆచార్యుడు అక్కడ లెక్కించాడు. చురుకుదనం తగ్గడం, బలహీనత, దుర్గంధం, అధిక స్వేదం, అతి ఆకలి, అతి దాహం మొదలైనవి అందులో ఉన్నాయి. ఆ పట్టికలో మొట్టమొదట చెప్పినది ఆయుష్షు క్షీణించడం. స్థూలునిలో పిరుదులు, ఉదరం, స్తనాలు కదులుతూ ఉంటాయని ఉదరాన్ని ప్రత్యేకంగా పేర్కొన్నాడు కూడా.

కారణాలను చూస్తే మన ఇంటి దినచర్యనే వర్ణించినట్లు ఉంటుంది. మితిమీరి తినడం, గురువైన, తీపి, చలువ చేసే, జిడ్డు గల పదార్థాలను నిత్యం సేవించడం, వ్యాయామం లేకపోవడం, పగటి నిద్ర. వీటితోపాటు బీజ స్వభావం, అనగా తల్లిదండ్రుల నుండి వచ్చే తత్వం.

సంప్రాప్తిని చరకుడు ఇలా వివరించాడు. పెరిగిన మేదస్సు స్రోతస్సులను అడ్డుకుంటుంది. దారిలేని వాయువు కోష్ఠంలోనే సంచరిస్తూ జఠరాగ్నిని రాజేస్తుంది. తిన్నది త్వరగా జీర్ణమై మళ్ళీ ఆకలి వేస్తుంది. మళ్ళీ తింటాడు, మళ్ళీ మేదస్సే పెరుగుతుంది. మిగిలిన ధాతువులకు పోషణ అందదు. లావుగా ఉండీ నీరసంగా ఉన్నానని, తిన్న రెండు గంటలకే ఆకలిగా ఉన్నదని చెప్పే రోగిని చూసిన ప్రతిసారీ నాకు ఈ ఘట్టం గుర్తుకు వస్తుంది. ఇన్సులిన్, ట్రైగ్లిజరైడ్లు అన్న మాటలు ఆనాడు లేవు. ఆ శాస్త్రమూ ఈ శాస్త్రమూ ఒక్కటేనని నేను చెప్పబోవడం లేదు. మంచం పక్కన కూర్చుని రోగిని గమనించిన కన్ను మాత్రం ఒక్కటే.

కొలుచుకునే పద్ధతి

ఉదయం పరగడుపున, కాలకృత్యాలు తీర్చుకున్న తరువాత, నిటారుగా నిలబడవలెను. చివరి పక్కటెముకకు, తుంటి ఎముక పైభాగానికి నడుమ సగం దూరంలో, వస్త్రం అడ్డు లేకుండా టేపు చుట్టవలెను. పొట్ట లోపలికి పీల్చరాదు. ఊపిరి మామూలుగా విడిచిన క్షణంలో కొలత చూడవలెను. ప్యాంటు నడుము సైజును నమ్మరాదు. పొట్ట పెరిగినవారు ప్యాంటును పొట్ట కిందికి జార్చి కడతారు గనుక సైజు ఏళ్ళ తరబడి మారదు.

టేపు లేకపోతే ఒక పురికొస తీసుకుని మీ ఎత్తుకు సరిపడా కత్తిరించండి. దానిని సగానికి మడిచి నడుముకు చుట్టండి. రెండు కొసలు కలిస్తే మేలు. కలవకపోతే జాగ్రత్త పడవలసిన సమయం వచ్చినట్లే. నడుము చుట్టుకొలత ఎత్తులో సగానికి తక్కువగా ఉండవలెనని బ్రిటన్ ఆరోగ్య మార్గదర్శకాలు కూడా 2022లో సూచించాయి. కొలత మించినవారు పరగడుపు చక్కెర, కొలెస్టరాల్ పరీక్షలు చేయించుకుని, రక్తపోటు చూపించుకోవలెను.

ఆహారమే తొలి ఔషధం

స్థౌల్య చికిత్సకు చరకుడు చెప్పిన సూత్రం చాలా చక్కనిది. పదార్థం గురువుగా ఉండవలెను, కాని సంతర్పణం చేయరాదు. అంటే కడుపులో నిలిచి ఆకలిని ఆపవలెను, మేదస్సును మాత్రం పెంచరాదు. అందుకు ఆయన యవలు, కొర్రలు, అరికెలు, జొన్నలు, పెసలు, ఉలవలు, ఉసిరిక, చేదు పొట్ల వంటివి సూచించాడు. మన తాతల నాటి మెట్ట పొలాల పంటలు ఇవి.

మన భోజనంలో అన్నం పర్వతంలా ఉంటుంది, కూర దాని పక్కన గులకరాయిలా ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం, రోజు మొత్తం శక్తిలో ధాన్యాల నుండి వచ్చేది 45 శాతానికి మించరాదు. ఇంట్లో దీనిని ఇలా అమలు చేయవచ్చును. కంచంలో సగం భాగం ఆకుకూరలు, కాయగూరలు ఉండవలెను. పావు భాగం పప్పు లేదా ఉలవలు, పెసలు, శనగలు. మిగిలిన పావు భాగమే అన్నం లేదా రొట్టె. ముందు కూర, పప్పు తిని తరువాత అన్నానికి రావలెను. కొర్రలు మంచివని కొర్రన్నం కుంభాలుగా తింటే ఫలితం ఉండదు, అదీ పిండిపదార్థమే.

ఉదయం ఇడ్లీలు నాలుగు తినేవారు రెండుకు తగ్గించి, పెసరట్టుకో మొలకెత్తిన పెసలకో చోటు ఇవ్వండి. కాఫీ, టీలలో చక్కెర వేసుకునేవారు రోజుకు ఎన్ని చెంచాలు అవుతున్నదో ఒకసారి లెక్కించుకోండి. వేయించిన నూనెను మళ్ళీ మళ్ళీ మరిగించరాదు. నూనె మనిషికి నెలకు అర లీటరు దాటకుండా చూసుకోండి. ఆవకాయ, అప్పడం, కారప్పూస రోజువారీ కంచంలో నుండి పండుగ కంచంలోకి మారవలెను. ఉప్పు వలన రక్తపోటు పెరుగుతుంది. రాత్రి భోజనం తేలికగా, నిద్రకు మూడు గంటల ముందే ముగించవలెను. మధ్యాహ్నం తిన్న వెంటనే పడుకునే అలవాటు గ్రీష్మ ఋతువులో తప్ప శాస్త్ర సమ్మతం కాదు. పొగ, మద్యం సంగతి వేరే చెప్పనక్కరలేదు.

నడక

ప్రమేహ రోగి పాదచారియై వంద యోజనాలు నడవవలెనని సుశ్రుతుడు చెప్పాడు. అంత కాకపోయినా రోజుకు ముప్పావు గంట చురుకైన నడక చాలు. వ్యాయామం అర్ధబలంతో చేయవలెనన్నది ఆయుర్వేద నియమం. నుదుట చెమట పట్టి, నోటితో ఊపిరి తీయవలసి రాగానే వేగం తగ్గించవలెను. ఆరంభంలోనే పరుగులు పెట్టరాదు. నడుస్తున్నప్పుడు ఛాతీలో బిగుతు, విపరీతమైన ఆయాసం కలిగితే ఆగిపోయి, వైద్యునికి చూపించుకున్న తరువాతనే కొనసాగించవలెను.

ఆహారం, వ్యాయామాల మార్పు వలన లాభమేమిటని సందేహించేవారికి చెన్నైలో జరిగి 2006లో ప్రచురితమైన పరిశీలన సమాధానం ఇస్తుంది. మధుమేహపు అంచున ఉన్న 531 మందిని సుమారు మూడేళ్ళు గమనించారు. జీవనవిధానం మార్చుకున్న వర్గంలో మధుమేహం వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది. మాత్ర వాడిన వర్గంలో తగ్గినదీ ఇంచుమించు అంతే.

పైన చెప్పిన అధ్యాపకుడు ఆరు నెలలలో తగ్గినది 5 కిలోలే. నడుము మాత్రం 96 నుండి 89కి వచ్చింది, చక్కెర వందకు దిగింది. రక్తపోటుకు అల్లోపతి వైద్యుడు ఇచ్చిన మాత్రను ఆయన నేటికీ వాడుతున్నారు. వాడమని చెప్పినవారిలో నేనూ ఉన్నాను.

గృహ చికిత్సలు

"పొట్ట కరిగే చూర్ణం ఏదైనా చెప్పండి" అని అడిగేవారు చాలామంది. తిండి మార్చకుండా పొట్టను కరిగించే చూర్ణం ఏ శాస్త్రంలోనూ లేదు. ఆహార, వ్యాయామ నియమాలు పాటించేవారికి తోడ్పడేవి కొన్ని ఉన్నాయి.

మెంతులు: ఒక చెంచా మెంతులు రాత్రి నానబెట్టి, ఉదయం పరగడుపున నమిలి తిని ఆ నీరు తాగవలెను. మధుమేహానికి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు చక్కెర మరీ పడిపోకుండా పరీక్షించుకుంటూ ఉండవలెను.

ఉసిరిక, పసుపు: ఎండు ఉసిరిక చూర్ణం మూడు గ్రాములు, పసుపు ఒక గ్రాము కలిపి గోరువెచ్చని నీటితో రోజుకు ఒకసారి సేవించవలెను. ప్రమేహానికి వాగ్భటుడు ప్రశస్తంగా చెప్పిన జంట ఇది. రక్తం పలుచబడే మందులు వాడేవారు వైద్యుని అడగనిదే తీసుకోరాదు.

త్రిఫల: రాత్రి పడుకునే ముందు మూడు గ్రాములు వేడినీటితో. మలబద్ధం కూడా ఉన్నవారికి మరింత ఉపయోగం. గర్భిణులు, విరేచనాలతో బాధపడేవారు వాడరాదు.

ఉలవచారు: ఉలవలు ఉడికించిన నీటితో చేసిన పలుచని చారు వారానికి రెండు, మూడు సార్లు. మీగడ కలిపిన విందు భోజనపు ఉలవచారు దీనికి లెక్కరాదు. అమ్లపిత్తం, కడుపులో పుండ్లు ఉన్నవారికి ఇది పడదు.

మజ్జిగ: వెన్న తీసిన పలుచని మజ్జిగలో అల్లం, కరివేపాకు, వేయించిన జీలకర్ర పొడి వేసి మధ్యాహ్నం తాగవలెను. ఉప్పు నామమాత్రమే.

తేనె: చెంచా తేనె చల్లని నీటిలో కలిపి తాగడం మేదోహరమని శాస్త్రం. మరిగే నీటిలో కలపరాదు. మధుమేహం ఉన్నవారికి ఇది వర్తించదు.

తప్పనిసరి హెచ్చరికలు

రక్తపోటు, మధుమేహం, కొలెస్టరాల్ మందులు వాడుతున్నవారు ఈ చికిత్సలను నమ్మి వాటిని ఆపరాదు. కొలతలు మెరుగుపడితే మోతాదు తగ్గించేది ఆ వైద్యుడే. ఊరూ పేరూ లేని "బరువు తగ్గించే" పొడులను, భస్మాలను సొంతంగా కొని వాడరాదు. సరిగా శోధనం కాని లోహాల వలన మూత్రపిండాలు దెబ్బతినే ప్రమాదం ఉన్నది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. ఛాతీ మధ్యలో బరువు, బిగుతు, ఎడమ చేతికి గాని దవడకు గాని వీపుకు గాని పాకే నొప్పి, చల్లని చెమటలు, ఆయాసం కలిగితే చాలా ఇళ్ళలో "గ్యాసు" అనుకుంటారు. వాము నమలమంటారు, జీలకర్ర కషాయం కాస్తారు, తెల్లవారే దాకా చూద్దామంటారు. స్త్రీలలోను, మధుమేహ రోగులలోను నొప్పి లేకుండా కేవలం వికారం, అలసట, ఆయాసం రూపంలో కూడా గుండెపోటు రావచ్చును. అటువంటి సమయంలో వాము డబ్బా మూత తీయవద్దు. వెంటనే 108కి ఫోను చేసి, గుండె వైద్యం ఉన్న ఆసుపత్రికి తీసుకుపోండి. ఆ గంటలో చేయవలసిన చికిత్స ఆయుర్వేద వైద్యుని వద్ద లేదు. ఈ మాట ఆయుర్వేద వైద్యునిగానే చెబుతున్నాను.

గృహిణులకు ప్రత్యేకంగా ఒక మాట. అమ్మా, భర్త నడుము కొలిచి, ఆయనకు కొర్రన్నం వండిపెట్టి, మిగిలిన అన్నం పారవేయలేక మీరు తినే అలవాటు నాకు తెలుసు. ఉదర స్థౌల్యం మన దేశంలో పురుషుల కంటే స్త్రీలలోనే ఎక్కువ. ఆయనను కొలిచిన టేపుతోనే మిమ్మల్ని కూడా కొలుచుకోండి. ఇద్దరి అంకెలూ తేదీ వేసి వంటింటి క్యాలెండరు మీద రాసి, నెలకు ఒకసారి మళ్ళీ కొలవండి. సాయంత్రం నడకకు ఇద్దరూ కలిసే వెళ్ళండి.